కొబ్బరికాయ కొట్టిన సర్వర్

సుకన్య పంపిన మెయిలు గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. మళ్లీ పంపితే ఈసారి ఇంకా వేగంగా వచ్చింది, దారి అలవాటైనట్టు.

దిద్దిన థీసిస్ సాయంత్రంలోగా యూనివర్సిటీ మెయిలు నుంచి అందితేనే సోమవారం వైవాకు వస్తానన్నాడు, పరీక్షించాల్సిన పుణే ప్రొఫెసర్. లేదంటే మళ్లీ వేసవికే. సొంత ఐడీ నుంచి పంపితే ముట్టుకోడట మహానుభావుడు.

సుకన్య కంప్యూటర్ సెక్షన్‌కు పరుగెత్తింది. అక్కడ సర్వర్లు చూసే పౌలుది ఏలూరు.

"పౌలన్నా, మెయిల్స్ వస్తున్నయి గని పోతలేవు. గిదేం విచిత్రం?"

పౌలు తిరిగొచ్చిన మెయిలు అడుగుదాకా చదివాడు. "ఈ మెషీనుకి మన పేరుతో మెయిలు పంపే అనుమతి లేదంటున్నారమ్మా."

"అనుమతి ఎవరియ్యాలె?"

"మనమే."

"మనకు మనమే ఇయ్యలేదా!" సుకన్య కుర్చీ దగ్గరికి లాక్కుంది. కంగారు సగం కుతూహలమైపోయింది.

"మన పేరు చెప్పి దొంగ కూడా పంపొచ్చు కదా? అందుకే అవతలి సర్వర్ ముందు డీఎన్ఎస్‌లో చూసుకుంటది. ఎవరి తరఫున ఏ నంబరు మెషీను పంపొచ్చో మనం రాసిపెట్టే చోటది."

"మా ఊర్ల చాటింపు తీర్గ! డప్పు చంద్రయ్య చాటితేనే నమ్ముతరు. ఓసారి ఆయన అల్లుడొచ్చి వాగు పొంగిందని చాటితే, నీళ్లు మెడదాకా వచ్చినా 'నిన్నెవడు పెట్టిండ్రా?' అనడిగిన్రట."

నవ్వబోయిన పౌలు నోరు తెరిచే ఉండిపోయాడు. మొన్ననే సర్వర్‌ను చెమ్మ పట్టిన పాత గదిలోంచి కొత్త బిల్డింగుకు మార్చారు. కొబ్బరికాయ కొట్టారు. పౌలు ప్రార్థన చేశాడు. మైసూర్‌పాక్ పంచారు. ఏ దేవుడూ అలగకుండా చూసుకున్నారు గానీ, సర్వర్‌కు వచ్చిన కొత్త నంబరు డీఎన్ఎస్‌లో ఎక్కించలేదు. అక్కడ ఇంకా పాత గది నంబరే కాపలా కాస్తోంది.

"అందరికీ మైసూర్‌పాక్ పెట్టిన్రు, డీఎన్ఎస్‌నే మరిచిన్రు," అంది సుకన్య, సంగతి విని.

పౌలు తలొంచుకుని నంబరు మార్చాడు. ఆమె పంపింది. తిరిగొచ్చింది!

"పాత జవాబు అవతలి సర్వర్‌కింకా గుర్తుంటదమ్మా. మరిచేదాకా గంట పట్టుద్ది. పద, తార్నాకలో చాయ్ తాగొద్దాం."

మెట్రో కింద చాయ్ చల్లారిపోయినా సుకన్య ముట్టలేదు. గంట గడిచాక ఫోన్‌లో మళ్లీ నొక్కింది. ఏమీ తిరిగి రాలేదు. పైన ఒక మెట్రో బండి పోయింది, ఇంకో బండి పోయింది. అప్పుడు పుణే నుంచి ఒక్క ముక్క: 'అందింది. సోమవారం వస్తున్నాను.'

సుకన్య చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది.

"అన్నా, గేటుకాడ వాచ్‌మెన్‌కు ఆయన పేరు ఇయ్యాల్నే చెప్పిపెట్టు. లేకుంటే ఆయన్ని గూడ తిరగ్గొడ్తరు మనోళ్లు."