మూడోసారి అడిగాక

ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న మా డులూత్‌లో మారథాన్ మీద ఒక ప్రేమకథ సినిమా తీస్తున్నారు. నా పని నటులకు చెమట పట్టించడం. అంటే సీసాతో మొహాన నీళ్లు చిమ్మడం. నిజంగా పరుగెత్తేది మాత్రం హీరో హీరోయిన్లు కాదు. వాళ్లకు బదులు మా అక్క కూతురు ఇర్యా, టెక్సస్ నుంచి వచ్చిన వెండెల్ పరుగెత్తుతారు. కెమెరా వెనక నుంచి తీస్తుంది కనుక మొహాలు కనబడవు. ముగింపు గీత దగ్గర ‘కట్’ వినగానే ఇద్దరూ ఆగిపోవాలి. కౌగిలింత మాత్రం హీరో హీరోయిన్లది.

సరస్సు మీది పొగమంచులో ఆ ఇద్దరూ పక్కపక్కన వస్తుంటే నేను సీసా సంగతే మరిచిపోయేదాన్ని. కాళ్లు నేలకు ఆనుతున్నట్టే ఉండేది కాదు.

వారం కిందట వెండెల్ ఇర్యాను కాఫీకి పిలిచాడు. “వద్దులెండి, మీకెందుకు శ్రమ” అందట మా మహాతల్లి. మా డులూత్ వాళ్లం అంతే. ఎంత ఇష్టమున్నా రెండుసార్లు వద్దని, మూడోసారికి ఒప్పుకుంటాం. పాపం, అతనికేం తెలుసు? మళ్లీ అడగలేదు. ఈ పిచ్చిది రోజూ ఎదురుచూస్తూనే ఉంది.

షూటింగ్ ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం విమానానికి అతను వెళ్లిపోతాడు. నాకు ఒళ్లు మండింది.

“ఏమే, వాళ్ల ఊళ్లో వద్దంటే వద్దనే. నువ్వే అడుగు.”

“నాకు సిగ్గు పిన్నీ.”

“అయితే ఆ సిగ్గుతోనే కాఫీ తాగు.”

తర్వాతి పరుగులో అడిగింది. గీత దగ్గర ఆగాక దాని మొహం చూడలేకపోయాను.

“వద్దన్నాడు పిన్నీ. మీకెందుకు శ్రమ అన్నాడు.”

నేను విసవిసా వెళ్లి వెండెల్ మొహం నిండా నీళ్లు చిమ్మాను. “ఏమయ్యా, మా పిల్ల నచ్చలేదా?”

“నచ్చకపోవడమేంటండీ, ప్రాణం” అన్నాడు మెల్లగా. “ఇక్కడ మూడోసారికి గానీ ఒప్పుకోకూడదట కదా. నిన్ననే ఎవరో చెప్పారు. నేనేమో ఒక్కసారే అడిగి ఊరుకున్నాను, ఈసారైనా మర్యాద తప్పకూడదని...”

ఓరి నాయనా. ‘నీ వద్దు నిజమని అది నమ్మిందిరా’ అని చెప్పబోయేలోపే డైరెక్టర్ కేకేశాడు. మంచు విడిపోతోంది, ఇదే ఆఖరి పరుగు అన్నాడు. వెండెల్ పరుగు మొదలయ్యే చోటికి వెళ్లిపోయాడు.

ఇర్యా తల దించుకుని వస్తోంది. అడుగు తల్లీ, ఇంకొక్కసారి అడుగు అని లోలోపల మొక్కుకున్నాను. సగం దారిలో తలెత్తి అతనితో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. రెండోది కూడా అయిపోయింది.

‘కట్’ అన్నారు. వెండెల్ ఆగాడు. ఇర్యా ఆగలేదు. గీత దాటి నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగి, రొప్పుతూ అంది.

“ఇదే ఆఖరు. కాఫీకి వస్తావా, రావా?”

“వస్తా” అన్నాడు, దాని మాట పూర్తికాకముందే.

ఇద్దరూ మిగిలిన మంచులోకి పరుగెత్తారు. ఆ పరుగు ఏ కెమెరాకీ అందలేదు. హీరో హీరోయిన్లు చేతులు చాచుకుని గీత దగ్గరే నిలబడ్డారు.

“వాళ్లెక్కడికి?” అన్నాడు డైరెక్టర్.

“కాఫీకి” అని మొహం తుడుచుకున్నాను. ఆ నీళ్లు సీసాలోవి కావు.