వినపడని పిలుపు

జ్వరం తగ్గింది గానీ రాజారత్నానికి రెండు చెవులూ పోయాయి. చిత్తూరు మామిడి మండీలో వేలంపాట పాడే మనిషి. ఇప్పుడు ఎవరేమన్నా "ఆఁ, ఆఁ" అని తలూపుతున్నాడు. వినపడడం లేదని మాత్రం ఒప్పుకోడు. తిరుపతి పెద్దాసుపత్రిలో చూపిద్దామని భార్య వరదమ్మ పట్టుబట్టి బయల్దేరదీసింది. తిరుపతికి ఎన్నిసార్లు వచ్చినా వాళ్ళు కొండకు పోవడమే తప్ప ఊళ్ళో తిరిగింది లేదు.

బస్టాండులో టౌను బస్సు రాగానే జనం ఎగబడ్డారు. వరదమ్మ ముందు తలుపున ఎక్కింది. ఆయన వెనక ఎక్కుతాడనుకుంది. బస్సు మలుపు తిరిగాక చూస్తే మనిషి లేడు.

"నిలపప్పా! మా ఇంటాయన ఎక్కలేదు!"

దిగి పరుగున వెనక్కి వచ్చింది. ఎక్కినచోట ఆయన లేడు. ఏడుపు ఆపుకుంటూ మైకు గదికి పోయింది.

"పేరు చెప్పమ్మా, పిలుస్తాం" అన్నాడు లోపలి ఉద్యోగి.

"రాజారత్నం..." అని ఆగిపోయింది. "పిలిచినా ఇనపడదు నాయనా. ఆ చెవుల కోసరమే ఈడికొచ్చినాం."

ఉద్యోగి మైకులో కండక్టర్లకు చెప్పాడు: "చెవిటి పెద్దాయన, ఎర్రంచు కండువా, ఎవురికన్నా కనిపిస్తే ఈడికి పిలుచుకోని రండి."

చెవిటి అన్న మాట బస్టాండంతా మోగింది. ఆయన వినలేదు కదా, అంతే చాలనుకుంది వరదమ్మ. అలా అనుకున్నందుకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఎండ నడినెత్తికి వచ్చాక ఒక కండక్టరు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "నా బస్సెక్కినాడమ్మా. కొండకా అంటే తలూపినాడు. కొండ కింద అలిపిరిలో దిగి దిక్కులు సూస్తా నిలబడుండాడు. ఈడ మైకులో ఇని, మళ్ళీ పోయి పిలుచుకోనొచ్చినా."

రాజారత్నం గొంతు చించుకుని అరిచాడు. "యాడికి పోయినావే నన్నిడిసిపెట్టి?"

అందరూ తిరిగి చూశారు. "నేను యాడికీ పోలేదు" అందామె. ఆయన ఆమె పెదవుల వంకే చూశాడు. మళ్ళీ చెప్పింది. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"నాకేమీ ఇనపళ్ళేదే, వరదా" అన్నాడు.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని తర్వాతి బస్సెక్కింది. ఆసుపత్రి చేరేసరికి చీట్లిచ్చే కిటికీ మూసేశారు. ఇద్దరూ వరండాలోనే ఉండిపోయారు.

మర్నాడు డాక్టరు కుడి చెవికి కొంచెం ఆశ ఉందన్నాడు. రెండోదాని మాట ఎత్తలేదు. ఆ సంగతి ఎలా చెప్పాలో తోచక వరదమ్మ ఆయన కుడి చెవిని మెల్లగా తాకి నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆయన మాత్రం ఈసారి తలూపలేదు. "ఏమన్నాడు?" అని అడిగాడు.