కుట్ల చివర జేబు

పొద్దున్నే ఆ ఇంట్లో ముందు పసిదాని ఏడుపు, ఆ వెంటనే అత్తగారి కేక వినిపిస్తాయి.

"అమ్మాయ్, బీరువా తాళాలు నీ దగ్గరే ఉన్నాయా?"

ఉండక ఎక్కడికి పోతాయి? సిజేరియన్ కుట్లు అన్నీ మానాయిగానీ, ఎడమ చివర మాత్రం మూసుకోలేదు. అక్కడ కోడలికి జేబు పడింది. ఒకనాడు పట్టీ మారుస్తూ అత్తగారు చేతిలోని తాళాలగుత్తి ఎక్కడ పెట్టాలో తోచక అందులో పెట్టింది. సరిగ్గా పట్టింది. ఇక చూసుకోండి! ఆడపడుచు తలపిన్నులు, ఎలక్ట్రీషియన్ మొగుడి మరలు, టెస్టరు, అన్నీ అందులోకే. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇరుకిల్లు, ఉత్తినే ఒక అర దొరికితే ఎవరొద్దంటారు?

ఆశ్చర్యం సరే, రోత అయినా ఉండొద్దూ? మొగుడు జిడ్డు చేతులతో వచ్చి, ఆమె నైటీ పైకెత్తి, టీవీ చూస్తూనే రెండు వేళ్ళు లోపలికి దూర్చేవాడు. చీముతో జిగటగా వచ్చిన మరని ఆమె దుప్పటికే తుడిచేవాడు. అత్తగారు తాళాలు తీసుకుని ముక్కు మూసుకునేది.

"ఛీ, ఏం కంపే తల్లీ! కాస్త శుభ్రంగా ఉండొచ్చుగా."

చేతులు వాళ్ళవి, కంపు మాత్రం ఆమెదట!

ఆమెకూ తనను చూస్తే తనకే అసహ్యం. పాలు పులిసిన జాకెట్టు, మరకల గుడ్డలు, పిండిముద్దలా వేలాడే పొట్ట, దాని మడత కింద ఎప్పుడూ ఆరని చెమ్మ. స్నానం చేస్తున్నంతసేపూ పైకప్పు వైపే చూసేది. కన్నకూతుర్ని కూడా పొట్టకు తగలకుండా ఎడంగా ఎత్తుకునేది, పక్కింటివాళ్ళ పిల్లలా.

కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మ ఒకరోజు పట్టకారుతో లోపలినుంచి ఇయర్‌ఫోన్లు లాగి ట్రేలో పడేసింది. అవి ఆడపడుచువి.

"ఇదేమన్నా సామాన్ల గదా? ఇంకొక్క చెయ్యి పడిందంటే ఇది మానదు. పైవారం డాక్టరుగారు మళ్ళీ కోసి కుట్టాల్సిందే."

"మళ్ళీనా?" అంది ఆమె. మొదటిసారి మత్తు సరిగ్గా ఎక్కలేదు. కత్తి జరుగుతుంటే ఒంటికి తెలిసింది. ఆ చల్లదనం ఆమెను ఇంకా వదల్లేదు.

సాయంత్రం మొగుడికి చెప్పింది. "ఏవండీ, ఇకనుంచి ఇందులో ఏమీ పెట్టకండి. మాననివ్వండి. మళ్ళీ కోస్తే నేను తట్టుకోలేను."

"అలాగేలే," అన్నాడు వీధి తలుపుకు లోపలినుంచి తాళం వేసొస్తూ. "ఈ ఒక్క తాళంచెవి. ఉన్నది ఇదొక్కటే, పోయిందంటే చచ్చామే." దూర్చేసి భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆమె తల దించి చూసింది. కుట్ల పక్కన నల్లటి వేలిముద్రలు. అంతకుముందు పడ్డ అసహ్యమంతా తన ఒంటి మీదే. ఇప్పుడు మాత్రం ఆ వేళ్ళను తలచుకుంటే వాంతి వచ్చింది. సబ్బుతో కడుక్కుంది, మెత్తగా, ఎక్కడా కళ్ళు తిప్పుకోకుండా. అరచేయి ఆ జేబు మీద కప్పుకుని పడుకుంది.

తెల్లారేసరికి మూసుకుపోయింది. సన్నటి గీత, అంతే.

"తాళంచెవి లోపలే ఉండిపోయిందిరా!" అత్తగారు గుండెలు బాదుకుంది. "కోయించి తీయించు!"

"ఇంతదానికి కోయించడం దేనికి?" పనికి ఆలస్యమవుతున్న మొగుడు పెట్టెలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. దాని మూతికి ఎప్పటిదో గ్రీజు. "కొద్దిగా ఓర్చుకోవే."

"చెయ్యి వేశావంటే విరిచేస్తాను," అంది ఆమె.

పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ప్లయర్ మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది. ఆమె బిడ్డను తీసుకుని, మొదటిసారిగా పొట్టకు హత్తుకుని, వీధి తలుపు ముందు నిలబడింది. తాళం దానంతటదే తెరుచుకుంది.

ఇప్పుడా ఇంట్లో ఎవరు బయటికి పోవాలన్నా, లోపలికి రావాలన్నా ఆమె వచ్చి తలుపు ముందు నిలబడాలి. పిలిస్తే వస్తుంది, తీరిగ్గా. వచ్చాక ముందు చేతులు చూపించమంటుంది.