కత్తిరింపు నాటి ఎండ

అంకాలమ్మ కూతురు శేషమ్మకు ఆరేళ్లు. మొహం చూస్తే అరవై ఏళ్ల మనిషిలా ఉంటుంది. నల్లమచ్చలు, ముడతలు, పగిలిన పెదవులు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒక పూట ఎండ తగిలితే, మర్నాటికల్లా ఒళ్లంతా బొబ్బలెక్కింది.

ఎవరెవరికో చూపించి, చివరికి గిద్దలూరులో రైలెక్కి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఒక కుర్ర డాక్టరు ఓపికగా విడమరిచి చెప్పాడు. ఎండ అందరి చర్మంలోనూ కంటికి కనపడని పోగులను దెబ్బతీస్తుందట. డీఎన్‌ఏ అంటారట వాటిని. ఒళ్లే వాటిని ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటుందట.

"కంబళి చిరిగినప్పుడల్లా కుట్టుకుంటారు గదా. కుట్టు వెనకబడితే కంబళి పాతబడుతుంది. చర్మం ముసలిదయ్యేది గూడా చాలావరకు అట్లనే. ఈ పాపకు ఆ కుట్టుపని పుట్టుకతోనే లేదమ్మా. ఎండ తగలనీయొద్దు."

మేనరికాల్లో ఇది ఎక్కువని, ఇంకో బిడ్డ పుడితే రావచ్చు, రాకపోవచ్చునని కూడా అన్నాడు. అంకాలమ్మ మొగుడు కాటమరాజు ఆమెకు సొంత మేనమామ. ఆ పెళ్లి కుదిర్చింది కాటమరాజు తల్లి పోలమ్మ. అంకాలమ్మకు అవ్వా ఆమే, అత్తా ఆమే.

అందుకే కొడుకు పుట్టగానే అంకాలమ్మ కొట్టానికి చుట్టూ కంబళ్లు కట్టి చీకటి చేసింది.

గొర్రెల బొచ్చు కత్తిరించే రోజు వచ్చింది. ఆ ఇంట్లో ఆ ఏడు పుట్టిన బిడ్డను తొలి బొచ్చు మీద పడుకోబెట్టడం ఆనవాయితీ. అంకాలమ్మ వాగు నుంచి బట్టలుతుక్కుని వచ్చేసరికి, నడినెత్తిన ఎండలో, బొచ్చు కుప్ప మీద పిల్లవాడు నిద్రపోతున్నాడు. పక్కన పోలమ్మ కూర్చుని ఉంది.

అంకాలమ్మ బట్టలు అక్కడే పడేసి బిడ్డను లాక్కుంది. కాటమరాజు కత్తెర కింద పెట్టి, "ఏందిమా నువ్వు చేసిన పని?" అన్నాడు.

"పెద్దది పుట్టిన ఏడు కరువొచ్చి కత్తిరింపే లేకపాయె. బొచ్చు తగల్లేదు గాబట్టే అదట్లయింది. వీణ్ణి గూడా వదులుకోమంటావా?" అంది పోలమ్మ.

అంకాలమ్మ నీడలోకి పోయింది. బిడ్డను ఒళ్లో వేసుకుని, ఏ చోట ఎర్రబడుతుందోనని చూస్తూ కూర్చుంది. పొద్దుగూకింది. తెల్లారింది. బుగ్గ మీద వేలితో నొక్కి చూసింది. వాడు ఆ వేలినే నోట్లో పెట్టుకున్నాడు. మర్నాడూ, ఆ మర్నాడూ చర్మం చెక్కుచెదరలేదు.

పోలమ్మ అన్నం ముట్టకుండా గోడవారన ముడుచుకుని ఉంది. అంకాలమ్మ పోయి ఆమె పక్కన కూలబడింది.

"లేయ్ అవ్వా, ఇంత తిను. వీనికేం కాలేదు."

పోలమ్మ పిల్లవాణ్ణి అరికాళ్ల దాకా తడిమింది. "చూసినావా, బొచ్చు మహిమ" అంది. అంకాలమ్మకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. కాదనలేదు.

శేషమ్మ చీకట్లోంచి తొంగిచూసి, తమ్ముడు బయటికి పోవచ్చా అని అడిగింది. పోవచ్చని అంకాలమ్మ చెప్పింది.

"అయితే పగలు వాడు మేపుతాడులే, పొద్దుగూకినాక మందను నేను చూస్తా" అంది శేషమ్మ. మళ్లీ, "గొర్రెపిల్లలు మాత్రం నావే. వానికి ఇయ్యను" అంది.