టపాలో వచ్చిన ఉప్పు

బుడమేరు పొంగి రైలు కట్టను తాకిన యేడు అది. యుద్ధం ముగిసి యేడాది దాటింది. తెల్లవాళ్లు ఇంకా వెళ్లలేదు. నూలు మాత్రం సర్కారు కంట్రోలులోకి వెళ్లిపోయింది. మగ్గాలు మూలపడ్డాయి. మగ్గం ఆడకపోతే నూలుకు రంగేసేవాడికి పనేముంటుంది? మార్కండేయులు ఇంట్లో రంగు బానలు నాలుగు నెలలుగా బోర్లించే ఉన్నాయి.

పని లేకపోయినా పొద్దున్నే కరపెట్టు గారి కొట్టుకు వెళ్లి కూర్చోవడం మాత్రం అతను మానలేదు. బెజవాడ వన్‌టౌన్లో రంగుల కొట్టు ఆయనది. తెల్లటి మనిషి, పొడుగరి, పెద్ద ముక్కు. కొత్తవాళ్లు దొరగారనేవారు. గళ్ల లుంగీ చూసి కొందరు సాయిబు గారనేవారు. ఆయన రెండూ కాదు, అరమనీ. ఆ మాట విడమరిచి చెప్పడం ఆయన ఎప్పుడో మానుకున్నాడు.

"అరమనీ అంటే ఏ కులమండీ?" అని జట్కా తోలే రత్తయ్య ఒకసారి అడిగాడు.

"ఊరు పోయిన కులం" అన్నాడాయన.

ఆయన పుట్టిన ఊరు టర్కీలో, కొండల మధ్య. మొదటి యుద్ధంలో అక్కడి సర్కారు అరమనీలందరినీ ఇళ్లలోంచి లేపి ఎడారి దారి పట్టించింది. బయలుదేరే రోజున పక్కింటాయన వచ్చి కరపెట్టు గారి తండ్రి చేతిలో చెయ్యేశాడు. "చిన్నపిల్ల అంత దూరం ఏం నడుస్తుంది? మా ఇంట్లో వదలండి. మా పిల్లలతో పాటు పెరుగుతుంది" అన్నాడు. నవ్వు మొహంతోనే అన్నాడు. తొమ్మిదేళ్ల శూషాన్‌ని ఆ ఇంట్లో వదిలారు. వీధి మలుపు తిరుగుతూ కరపెట్టు గారు వెనక్కి చూస్తే, చెల్లెలు ఆ ఇంటి బయట నిలబడి ఉంది. వెనక తలుపు మూసి ఉంది. అదే ఆఖరు చూపు. తల్లీ తండ్రీ దారిలోనే పోయారు.

ఎక్కడెక్కడో తిరిగి, ఓడెక్కి చెన్నపట్నం, అక్కణ్ణుంచి బందరు చేరాడు. బందరు అద్దకం బట్టలు పారసీక దేశానికి ఎగుమతి చేసే చిన్నాన్న ఒకడు ఉండేవాడు. ఆ అద్దకాల దగ్గర చిరివేరుతో ఎరుపు రంగు కాచేవాడు మార్కండేయులు. ఇద్దరిదీ ఇరవై దాటిన వయసు, ఒకటే ఈడు. కొన్నాళ్లకు పారసీకం సరుకు మూతపడింది, చిన్నాన్న పోయాడు, అమ్ముడుపోని బట్టలు ఒక పెట్టెడు మిగిలాయి. ఆ పెట్టెతో కరపెట్టు గారు బెజవాడ వచ్చాడు. వెనకే మార్కండేయులు వచ్చాడు. చెల్లెలి సంగతి ఆయన అతనికి చెప్పింది ఒక్కసారే. మళ్లీ ఎత్తలేదు. అందరి క్రిస్మసూ అయిపోయాక, జనవరి ఆరున వచ్చే తమ క్రిస్మసు నాడు మాత్రం కొట్టు మూసి ఒక్కడే లోపల ప్రార్థన చేసుకునేవాడు. ఆ భాష మాట్లాడే మనిషి బెజవాడలో ఇంకొకడు లేడు.

ఆ ఎండాకాలంలో సిరియాలో హలబు అనే ఊరినుంచి, చెన్నపట్నం అరమనీల చేతుల మీదుగా ఉత్తరం వచ్చింది.

"ఏరా మార్కండేయా, బతికుందిరా" అన్నాడు కరపెట్టు గారు.

చెల్లెలు బతికే ఉంది. మనవలు కూడా పుట్టారు. అరమనీల దేశం రష్యావాళ్ల చేతిలో ఉందట. చెదిరిపోయిన వాళ్లందర్నీ రమ్మని ఓడలు పంపిస్తున్నారట. చెల్లెలి ఇంటిల్లిపాదీ వెళ్తున్నారు. 'నువ్వూ రా అన్నా. అక్కడ నీకెవరున్నారు?' అని రాసింది.

ఆ ఆఖరి మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. పెళ్లి లేదు, పిల్లలు లేరు. వారం రోజులు కొట్లో కూర్చుని ఆ ఉత్తరాన్నే చూశాడు. తర్వాత ఒకరోజు అన్నాడు.

"ఒక మొక్కు ఉందిరా. అది బతికుందని తెలిస్తే పొట్టేలును కోస్తానని ఆనాడే మొక్కాను. మంత్రించిన ఉప్పు పొట్టేలుకు పెట్టి కోయాలి. ఉప్పుతోనే ఉడికించాలి. ఏడిళ్లకు పంచాలి. మర్నాటికి ముక్క మిగలకూడదు. పారెయ్యకూడదు. ఏడిళ్లవాళ్లు తిన్నారా, నాకు ఇక్కడ మనుషులున్నట్టు. వాళ్ల పేర్లే రాస్తాను దానికి. లేదా, ఓడెక్కుతాను."

మొదట చెన్నపట్నంలో ఉన్న అరమనీలకే రాశాడు, రమ్మని. ఉన్నది కొద్దిమందిమి, ముసలివాళ్లం, రాలేము, ఫాదరు గారు ఉప్పు మంత్రించి ఇచ్చారు, పంపుతున్నాం అని జవాబు. టపాలో చిన్న గుడ్డ సంచి వచ్చింది.

కాలువ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు శౌరయ్య, గుణదల క్రైస్తవుడు, ఆ సంచి చూసి పడీ పడీ నవ్వాడు. "బందరు ఉప్పు ఊళ్లన్నీ తింటుంటే మనకి చెన్నపట్నంనుంచి ఉప్పా అండీ! రేపు కృష్ణ నీళ్లు కూడా మనియార్డరు చేయిస్తారా ఏంటి?"

"నువ్వు పొట్టేలు కొయ్యి, మాటలు కొయ్యకు" అన్నాడు కరపెట్టు గారు.

"కోస్తానండీ. మసాలా ఏం నూరించమంటారు?"

"ఏం వద్దు. ఉప్పొక్కటే."

"కారం కూడా వద్దా? బాలింతకి పెట్టే పత్యమా అండీ ఇది?" అని వాపోయాడు శౌరయ్య. అయినా మొదటి ఇల్లు తనదే అన్నాడు. రెండోది రత్తయ్యది. మూడోది మిషను బడి పంతులు జీవరత్నం గారిది. కొట్టు చుట్టుపక్కల ఇంకో మూడిళ్లు తేలాయి. ఏడోది తేలలేదు.

"ఏడోది మాదేనండీ" అన్నాడు మార్కండేయులు.

కరపెట్టు గారు అతని వంక చూశాడు. దేవాంగుల ఇల్లది, నీచు సోకని వంటిల్లు. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు.

"మీరు తినరు గదరా."

"శూషానమ్మ పేరు మీద పెడితే తినకపోవడమేంటండీ! కళ్లకద్దుకుని తింటాం."

"అబద్ధం వద్దు. నువ్వు తినక్కర్లేదు. అది నీ గడప దాటి లోపలికి వెళితే చాలు. నీ బానలకు నీళ్లు మోసే మనిషికి పెట్టు. నీ ఇంటి పేరున పొద్దుగుంకేలోగా ఎవరో ఒకరు తినాలి, అంతే. కుదరదంటే ఇప్పుడే చెప్పు. ఇంకో ఇల్లు చూసుకుంటా. నాకేం కోపం రాదు."

"భలేవారే. కుదరకపోవడమేంటండీ, మీరు మరీను."

మా వైపు మనుషులతో వచ్చిన చిక్కే అది. ఎదురుగా ఉన్నవాడి మొహం చిన్నబోతుందంటే కాదనే మాట గొంతు దాటి రాదు. దాన్ని మర్యాద అనుకుంటాం.

కరపెట్టు గారు ఆ రోజే కాగితం తీసి చెల్లెలికి జవాబు మొదలుపెట్టాడు. కొక్కేల్లాంటి అక్షరాలు. ఒకదాని కింద ఒకటి ఏడు వరసలు రాసి, అట్టడుగు వరస మీద వేలు పెట్టి, "ఇది నువ్వు. మొదట రాయాల్సిన పేరు, ఆఖరున దాచుకున్నా" అన్నాడు. "మొక్కు తీరిన మర్నాడు టపాలో వేస్తా."

సెప్టెంబరులో వాళ్ల సిలువ పండుగ ఆదివారం నాడు పొట్టేలు తెగింది. నాలుగు రోజులుగా ముసురు. బుడమేరు పొంగి ఊరి ఉత్తరపు పక్కంతా నీళ్లు. పెట్టెలో మిగిలిన పాత అద్దకం బట్టను కరపెట్టు గారు ఏడు ముక్కలు చేసి, మాంసం ఆకుల్లో పెట్టి మూటలు కట్టాడు. ఎర్రటి ముక్క మార్కండేయులుకు తీశాడు. ఆ ఎరుపు ముప్పయ్యేళ్ల కింద మార్కండేయులు కాచిందే. మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని, ప్రతి ఇంటికీ తనే మోసుకెళ్లి ఇచ్చాడు. మార్కండేయులు ఇంటి వాకిట్లో అతనికి ఆ ఎర్ర మూటను రెండు చేతులా అందించాడు.

"మీ చల్లని చేతి మీదుగా" అని మార్కండేయులు కళ్లకద్దుకున్నాడు.

ఆయన అటు వెళ్లగానే ఎదురింటి అరుగు మీంచి వెంకటప్పయ్య గారు కేకేశారు. కులపెద్ద ఆయన. ఆ యేడు కులదేవత చౌడమ్మ ఉత్సవం పెత్తనం మార్కండేయులుకు ఇప్పించింది కూడా ఆయనే.

"ఏంటి మార్కండేయులూ, ఆ మూట?"

"రంగండీ."

"నూలు లేదు గదా, రంగెందుకు?"

"ఎప్పుడో వస్తుంది గదండీ" అని ఉత్తరీయం కింద దాచుకుని లోపలికి నడిచాడు.

భార్య చౌడేశ్వరమ్మ వాసన పట్టేసింది. చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, ఏంటది? నా వంటింటి ఛాయలకొచ్చిందంటే ఇవాళే మా పుట్టింటికి పోతా."

"అరవకే. నీళ్ల మనిషికిచ్చేస్తా."

"ఏ నీళ్ల మనిషి? బానలు బోర్లించిన దగ్గర్నుంచి అది వస్తోందా?"

ఆ సంగతి అతనికి అప్పుడు గుర్తుకొచ్చింది. నీళ్లు మోసే ఆమె ఇల్లు సాలెవీధి దాటి ఆ చివర. ఈ మూట పట్టుకుని పట్టపగలు వీధంతా నడవాలి. ప్రతి అరుగూ అడుగుతుంది. ఉత్సవం ఇరవై రోజుల్లో ఉంది. కాసేపు కూర్చున్నాడు. కాసేపు నిలబడ్డాడు. పెరటి తలుపు తీస్తే కాలువ. కాలువ సముద్రంలోకి పోతుంది, చూసేవాడెవడు? కళ్లు మూసుకుని విసిరేశాడు.

ఇన్నేళ్లు కాలువ గట్టునే బతికినవాడు నీళ్లు పారుతున్నాయో లేదో చూసుకోలేదు.

"ఆయన అడిగితే బాగుందని చెప్పు" అన్నాడు లోపలికొచ్చి.

పొద్దువాలే వేళ ముసురు కాస్త తెరిపిచ్చింది. కరపెట్టు గారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గొడుగు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. ఆయన వెనకాలే వచ్చిన శౌరయ్య వీధిలో తల వంచుకుని నిలబడ్డాడు. మార్కండేయులు ఎదురెళ్లలేదు, తలుపు చాటున ఉండిపోయాడు. చౌడేశ్వరమ్మే మంచినీళ్లు తెచ్చింది.

"ఎలా ఉందమ్మా?"

"చాలా బాగుందన్నయ్యగారూ."

"కారం లేదు గదా."

"లేకపోతేనేం? ఎంత రుచిగా ఉందో."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయిందండీ."

ఆయన తల ఊపాడు. మంచినీళ్లు తాగి చెంబు పక్కన పెట్టాడు. లేచి, గొడుగు మడతలోంచి ఒక గుడ్డ తీసి చెంబు పక్కన పరిచాడు. తడి గుడ్డ. పిండినా ఇంకా కారుతోంది. ఎర్రగా ఉంది.

"రంగు దిగలేదురా" అన్నాడు తలుపు వైపు చూసి. "మంచి చెయ్యి నీది."

అంతే. వెళ్లిపోయాడు. చౌడేశ్వరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

శౌరయ్య మాత్రం ఒక్క నిమిషం ఆగాడు. "వరదని మధ్యాన్నమే లాకులు దించేశామండీ. కాలువ కదలడం లేదు. మూట గట్టు పక్క తూటుకాడ మొక్కల్లో తగులుకుంది. నేనెవరిదో అనుకుని ఆయనకి చూపించా. నాకేం తెలుసు?" అన్నాడు. మళ్లీ తనే, "మాకు పెట్టినా తినేవాళ్లం గదండీ. ఒక్క కేకేస్తే వచ్చి పట్టుకెళ్లేవాణ్ణి. మీరు చేతులు కూడా కడుక్కోనక్కర్లేకపోయేది" అన్నాడు. "ఆయన ఆ మాంసాన్ని తీసుకెళ్లి కొట్టు వెనకాల పాతిపెట్టాడు, ఒక్కడే."

మార్కండేయులు వీధిలోకి వచ్చి చూశాడు. కరపెట్టు గారు మలుపు దగ్గరున్నాడు. వెనక్కి చూడలేదు. పరిగెత్తితే అందుకోవచ్చు. అందుకుని ఏం చెప్పాలి? చూస్తుండగానే పొద్దు గుంకింది.

తెల్లారి కొట్టు తీసే వేళకే మార్కండేయులు వెళ్లాడు. రోజూ కూర్చునే బల్ల అక్కడే ఉంది. కరపెట్టు గారు తక్కెడ తుడుస్తున్నాడు. గల్లాపెట్టె మీద కొత్త కాగితం ఉంది. ఏడు వరసలు లేవు. ఒకటే ఉంది, చిన్నది.

"రండి" అన్నాడు ఆయన. "ఏం కావాలండీ మీకు?"

ముప్పయ్యేళ్లలో ఆయన మార్కండేయులును మీరు అనడం అదే మొదలు.

"చెల్లెమ్మగారికి... ఏం రాశారండీ?"

"వస్తున్నానని."

మార్కండేయులు నిలబడ్డాడు. బల్ల మీద కూర్చోలేదు. ఆయన తక్కెడ పట్టుకుని ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు, బేరగాడి కోసం చూసినట్టు.

"పావు వీశె ఎరుపు ఇవ్వండి" అన్నాడు మార్కండేయులు.

ఆయన తూచి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మార్కండేయులు దాన్ని దాచుకోకుండా చేత్తోనే పట్టుకుని సాలెవీధిలో నడిచాడు.

"ఏంటి మార్కండేయులూ, ఆ పొట్లం?" అన్నారు అరుగు మీంచి వెంకటప్పయ్య గారు.

"రంగండీ" అన్నాడు. ఇంట్లోకి వెళ్లి, బోర్లించిన బాన మీద దాన్ని పెట్టాడు.