కిష్టమ్మ బొంతల వ్యాపారం

తెలుగు తెలుసన్న పాపానికి, బొంబాయిలో మనవాళ్లు ఎక్కువగా ఉండే కామాటిపుర అప్పుల దరఖాస్తులన్నీ మా బ్యాంకు మేనేజరు నా నెత్తిన పడేశాడు. ఎనభై నాలుగో సంవత్సరం, జూన్ నెల ఉక్కపోత. పొద్దుటి నుంచి నాలుగు చాల్‌లు, అంటే ఒంటిగది కాపురాల పాత మేడలు, ఎక్కి దిగాను. ఇక మిగిలింది కిష్టమ్మ ఒక్కతే. పాత చీరలు, గుడ్డపీలికలు కొని బొంతలు కుట్టి అమ్ముతుందట. కుట్టుమిషను కోసం రెండు వేలు అడిగింది. సరుకు ఉందా, కొనేవాళ్లు ఉన్నారా, ఈ రెండూ చూసి రాయడమే నా పని. జాబితా ఆ సాయంత్రమే పైఆఫీసుకు వెళ్లిపోతుంది.

మూడో అంతస్తులో ఆమె గది బోసిగా ఉంది. గుడ్డపీలిక లేదు, సూది లేదు. చిరుగుల చీర కట్టుకుని, మూడేళ్ల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బొంతలేవమ్మా?"

"ఎక్కడియి సాబ్! ఏం లెవ్వు. మీరే దిక్కు."

పక్క గది శాంతాబాయి గుమ్మంలోంచి తల పెట్టి, "పాపం, పొద్దుగాల్నుంచి పొయ్యి గూడ ముట్టియ్యలే సాబ్, రాస్కోండ్రి" అంది. నాకు ఒళ్లు మండింది. ఇది చూడ్డానికా ఇన్ని మెట్లు ఎక్కింది?

అంతలో రాజమల్లు అనే మేస్త్రి వచ్చాడు. "కిష్టమ్మా, మా కూలోళ్లకు చెప్పిన ఇరవై బొంతలు తయారైనయా? పైసలు తెచ్చిన."

కిష్టమ్మ ముఖం పాలిపోయింది. "ఏం బొంతలు? నేనెన్నడు కుట్టిన? పో, పో!" అని కసిరింది.

అతను నా వైపూ ఆమె వైపూ చూసి, "గట్లనా! అయితే ధారావిల తీస్కుంట" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. శాంతాబాయి గబగబా వెళ్లి తన గది తలుపు లాగింది. ఆలోపే నిలువెత్తు బొంతల దొంతర నా కంట పడింది.

జాలేసింది, కోపమూ వచ్చింది. "బ్యాంకు ఏమీ లేనివాళ్లకు ఇవ్వదమ్మా. వ్యాపారం నడుస్తున్న వాళ్లకే ఇస్తుంది. ఆ బొంతలు చూపించు, ఇప్పుడే రాసేస్తాను" అన్నాను.

"ఉన్నోళ్లకు మీ అప్పెందుకు సాబ్?" అంది. "పోయినేడు వానకు గోడ కూలితే బియ్యమిస్తమని వచ్చినోళ్లు ఇట్లనే అడిగిన్రు. ఉన్న రెండు గిన్నెలు సూపిచ్చిన. నీకున్నయి గద అని ఇయ్యకుంట పోయిన్రు. ఏం లేనోళ్లకే ఇచ్చిన్రు."

"ఇది వేరమ్మా."

"నాకేం లేదు సాబ్. నా బిడ్డ మీద ఒట్టు." సూదిపోట్లతో గట్టిపడిన చెయ్యి కూతురి నెత్తిన పెట్టింది.

ఒట్టు వేశాక ఆమె ఇక చూపించదు. నేనే వెళ్లి శాంతాబాయి తలుపు తట్టవచ్చు. అయిదు అడుగుల దూరం. కానీ కాళ్లు పీకుతున్నాయి, నచ్చజెప్పే ఓపిక లేదు, ఇంకో దరఖాస్తు కొట్టేస్తే మా మేనేజరుకు సంతోషమే. వ్యాపారం లేదని ఇంగ్లీషులో రాసి కాగితం ముందుకు జరిపాను. ఆమె దాని కింద వేలిముద్ర వేసింది.

వేసి, నా కాళ్లకు దండం పెట్టింది. ముఖమంతా సంతోషం.

"మిషన్ పైసలు ఎప్పుడొస్తయి సాబ్?"

"కబురు చేస్తాం" అన్నాను.