ఐసుగడ్డకు కాపలా

తొమ్మిది గంటల లెక్క రాసి హనుమండ్లు పెన్సిలును చెవిమీద దోపుకున్నాడు. తర్వాత గోనెపట్టాను బకెట్లో ముంచి, పిండి, రెండు ఐసుగడ్డల మీదా కప్పాడు. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, వరండాలోకి నడిచి గోడకు ఆనుకున్నాడు. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి.

1986 మే నెల. మంచిర్యాలలో ఒక కాలేజీ వెనక మైదానం. అక్కడ రెండు ఇనుప జల్లెడల మీద రోజూ పొద్దున కొత్తగా తెచ్చిన రెండు గడ్డలు ఉంటాయి. ఒకటి తెల్లది, రెండోదాని మీద శ్రీరాంపూర్ బొగ్గుపొడి పలచగా చల్లి ఉంటుంది. కరిగిన నీళ్లు దేనికది కింది రేకు పళ్లెంలో పడి, గీతలున్న రెండు గాజుపాత్రల్లోకి కారతాయి. గంటగంటకూ ఎన్ని గీతల నీళ్లు వచ్చాయో రాసి, పాత్రలు ఖాళీ చేసి పెట్టాలి. అంతే పని. చేయించేది ఫిజిక్సు లెక్చరర్ జలపతిరావు. చేస్తున్నది హనుమండ్లు. ఇవాళ్టికి నలభయ్యో రోజు.

అతనికి అరవై ఒకటి. అందులో ముప్పై ఒక్కేళ్లు నస్పూర్ ఐసు ఫ్యాక్టరీలోనే గడిచాయి. గడ్డలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. వేళ్ల కొసలకు స్పర్శ పోయి చాలా కాలమైంది. బీడీ చివరిదాకా కాలి చర్మం వాసన వస్తే గానీ అతనికి తెలియదు. మోకాళ్లు మొరాయించాక సేటు ఇంక రావద్దన్నాడు. అన్నందుకు హనుమండ్లుకు కోపం రాలేదు, పొద్దున్నే ఎక్కడికి వెళ్లాలో తెలియక దిగులు పట్టుకుంది.

ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజు పాత కూలీ సాంబయ్య అతనికి ఒకే ఒక్క పాఠం చెప్పాడు, అదీ చెంపదెబ్బతో. ఎండలో గడ్డ కనబడితే కప్పాలి. ఎవరిది, ఎందుకు అని అడగకూడదు. ఆ పాఠం అతనికి ఎముకల్లో దిగింది. సొంత తమ్ముడు చనిపోయినప్పుడు కూడా, ఏడవాల్సినవాడు ఏడవకుండా, శవం పక్కన పెట్టిన ఐసుకు ఊక చాల్లేదని లేచి బజారుకు పోయాడు. చుట్టాలు ఆ మాట ఇప్పటికీ అంటారు. అన్నా అతను నొచ్చుకోడు. ఊక నిజంగానే చాల్లేదు మరి.

పొద్దున అతను బయల్దేరుతుంటే భార్య ఐలవ్వ సద్దిగిన్నె చేతికిచ్చి నవ్వింది.

"ఐసు కరిగేది సూసుడు గూడ ఒక పనేనా? సల్లగ ఇంట్ల పండుకోరాదు?"

"సారు నమ్మి అప్పజెప్పిండే," అన్నాడు హనుమండ్లు. "నేనుండంగ ఊకె కరగనిస్తనా?"

పదకొండు కాకముందే జలపతిరావు మైదానంలోకి వచ్చాడు. ఎప్పుడూ సాయంత్రం అయిదుకు వచ్చి కాగితం తీసుకుని వెళ్లేవాడు, ఈ వేళప్పుడు రావడం ఇదే మొదటిసారి. నాలుగు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. తడి గోనెపట్టా ముందు ఆగి కాసేపు దానివైపే చూశాడు.

"హనుమండ్లూ, ఇదేంది?"

"గోనెపట్టా సార్."

"అది కనబడుతుంది. ఎందుకు కప్పినవ్?"

"ఎండ కొడుతుంది గద సార్."

"రోజు కప్పుతున్నవా?"

"మొదటి రోజు కాడికెల్లి. లెక్క రాసేటప్పుడే తీస్త. ఒక్కనాడు గూడ తప్పలే," అన్నాడు హనుమండ్లు, పనిమంతుడి గర్వంతో.

జలపతిరావు తిట్టలేదు. వరండా మెట్టుమీద కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. తిడితే బాగుండు అనిపించింది హనుమండ్లుకు. తిట్లు అతనికి అలవాటే.

"నల్లది తెల్లదానికన్న జల్ది కరగాలె," అన్నాడు జలపతిరావు చివరికి. "నలభై రోజుల నుంచి రెండు ఒక్కతీరుగనే కరుగుతున్నయి. నా లెక్కనే తప్పనుకొని పరేషాన్ అయిన. హిమాలయాల్ల ఐసు కొండలంత ఉంటది. దాని మీద గూడ దుమ్ము పడుతది. గంగల నీళ్లు అండ్లకెల్లి గూడ వస్తయి. ఎండ ఒక డిగ్రీ పెరిగితే ఆ ఐసు ఎంత జల్ది కరుగుతదో లెక్క కడుతున్న. నువ్వు కప్పబట్టి నా లెక్కల అది కరుగుతనే లేదు. ఫికర్ లేదు అన్నట్టు రాసిపెట్టిన."

హనుమండ్లు పట్టా కిందున్న గడ్డలవైపు చూశాడు. తర్వాత అడిగాడు, "ఆడ దాన్ని ఎవరు కప్పుతరు సార్?"

"ఎవ్వరు కప్పరు."

ఆ మాట హనుమండ్లు గుండెలో దిగబడింది. కొండంత ఐసు, ఎండ, కప్పే దిక్కు లేదు. తను చేసింది తప్పని అప్పుడు పూర్తిగా అర్థమైంది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"ఇయ్యాల సాయంత్రమే ఢిల్లీ బండి," అన్నాడు జలపతిరావు. "ఎల్లుండి అక్కడ పెద్ద మీటింగుల ఈ లెక్క చదవాలె. తప్పు లెక్క పట్టుకొని ఎట్ల పోను?"

"ఇప్పటికెల్లి అయిదు దాక కప్పకుంట సక్కగ రాస్తే పనికస్తదా సార్?"

జలపతిరావు తలెత్తాడు. కప్పినదానికీ కప్పనిదానికీ తేడా ఒక్క రోజైనా సరిగ్గా దొరికితే, దాంతో పాత అంకెలన్నీ దిద్దుకోవచ్చు. బండిలో కూర్చుని రాత్రంతా చేసినా అవుతుంది.

"అస్తది. కని నీడ పడొద్దు. చెయ్యి నీడ గూడ."

"పడది సార్."

జలపతిరావుకు అయిదు దాకా పరీక్ష డ్యూటీ ఉంది. స్టాఫ్ రూముకు వెళ్లి నల్ల గొడుగు ఒకటి తెచ్చి హనుమండ్లు చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకొని కూసో. సాతగాకుంటే వరండాలకు పో," అని గంట మోగడంతో పరుగెత్తాడు.

వరండాలోకి పోవడం కుదిరే పని కాదు. పట్టా తీసేసరికి, కూలి మోకాలెత్తే మిగిలిన పడమటి గోడ సందులోంచి మేకలు వచ్చాయి. ఒకటి పాత్రలో మూతి పెట్టబోయింది. హనుమండ్లు వాటిని అదిలించి, గోడకూ గడ్డలకూ మధ్య, తన నీడ గడ్డలను అందుకోనంత ఎడంగా కూర్చున్నాడు. గోనెపట్టాను మడిచి కిందేసుకుని దాని మీద కూర్చున్నాడు. లేకపోతే చేతులు వాటంతటవే కప్పేస్తాయని అతనికి తెలుసు.

ఒంటిగంటకు తెల్లది మూడు వందల మిల్లీలీటర్లు, నల్లది అయిదు వందల ఇరవై. రెండింటికి నల్లది ఆరు వందలు దాటింది. నలభై రోజుల్లో ఎన్నడూ రాయని అంకెలు. రాస్తుంటే తన ఇంట్లో తనే దొంగతనం చేస్తున్నట్టుంది. ముప్పై ఒక్కేళ్లలో ఐసు ఇలా విడిచిపెట్టిన నీళ్లలా పోవడం చూస్తూ ఊరుకున్నది లేదు. రెండుసార్లు చెయ్యి లేచింది. రెండుసార్లూ దాన్ని తొడకింద పెట్టుకున్నాడు.

మూడింటికి చెమట ఆగిపోయింది. తల దిమ్ముగా ఉంది. ఆ కొండల్ని కప్పాలంటే ఎన్ని గోనెపట్టాలు కావాలో అనుకున్నాడు. నస్పూర్, శ్రీరాంపూర్ బజార్లలో ఉన్నవన్నీ తెచ్చినా ఒక్క మూలకు రావు. ఎందుకో ఆ ఆలోచన అతన్ని బాగా అలసిపోయేలా చేసింది. నాలుగింటికి అంకెలు రాశాడు, రెండు పాత్రలూ ఖాళీ చేసి మళ్లీ పెట్టాడు, గోడకు ఆనుకున్నాడు.

అయిదు దాటాక జలపతిరావు వచ్చాడు. కాగితం మీద నాలుగు దాకా అంకెలన్నీ ఉన్నాయి. నల్లదీ తెల్లదీ వేర్వేరుగా, తను అనుకున్నట్టే ఉన్నాయి. సంతోషంతో పిలిచాడు. మళ్లీ పిలిచాడు. భుజం పట్టుకుంటే మనిషి పక్కకు ఒరిగాడు.

వడదెబ్బ, పోయి అరగంట దాటిందని వచ్చిన డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం బండి జలపతిరావు లేకుండానే పోయింది. ఐలవ్వ వచ్చి మొగుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గీ చెయ్యి గింత వేడిగుండుడు నేనెన్నడు సూడలే," అంది మెల్లగా.

జలపతిరావు ఆమె కళ్లలోకి చూడలేక అటు తిరిగాడు. హనుమండ్లు కూర్చున్న చోటికి, గడ్డలకు పడమటివైపు, ఎండ ఇంకా ఏటవాలుగా పడుతోంది. అక్కడ గొడుగు పట్టి ఉంటే దాని నీడ నేరుగా గడ్డల మీదే పడేది. స్టాఫ్ రూము గొడుగు అతని పక్కనే నేల మీద ఉంది, పట్టీకున్న బొత్తం కూడా విప్పకుండా.